ప్లేఆఫ్ స్థానాల పోటీ (హైదరాబాదు ఐ.పి.ఎల్. జట్లు)

ప్లేఆఫ్ స్థానాల పోటీ అనగా లీగు పద్ధతిలో జరిగే క్రీడా పోటీలలో, పట్టిక మధ్యభాగంలో ఉన్న జట్లు ముగింపు దశకు అర్హత కల్పించే చివరి ఒకటి రెండు స్థానాల కొరకు చేసే పెనుగులాట. తెలుగువారికి ఇది ప్రధానంగా ఇండియన్ ప్రీమియర్ లీగ్ (ఐ.పి.ఎల్.) క్రికెట్ ద్వారా పరిచయమైనది. హైదరాబాదు కేంద్రంగా ఆడిన దక్కన్ ఛార్జర్స్ (2008-2012), ఆ తరువాత వచ్చిన సన్‌రైజర్స్ హైదరాబాద్ (2013 నుండి) జట్లు చాలా సంవత్సరాలు ఈ మధ్యభాగంలోనే ఉండి, చివరి వారము వరకు లెక్కలు వేసుకొనుచు గడిపినవి. ఈ రెండు జట్లు గెలుచుకున్న రెండు కప్పులు కూడా (2009, 2016) పట్టికలో మొదటి రెండు స్థానాలలో లేని సంవత్సరాలలోనే రావడం విశేషము.

పట్టికలో మొదట ఉన్న జట్టుకు చివరి మ్యాచ్‌లో పోయేది తక్కువ. అట్టడుగున ఉన్న జట్టుకు పోవడానికి ఏమీ మిగలదు. నాలుగు నుండి ఏడవ స్థానము వరకు ఉన్న జట్లకు మాత్రము ఒక బంతి, ఒక వాన, మరొక ఊరిలో మరెవరో ఆడుచున్న ఆట రెండు నెలల శ్రమను నిర్ణయిస్తాయి.

పోటీ పద్ధతి

ఐ.పి.ఎల్. 2008లో 8 జట్లతో మొదలైనది. ప్రతి జట్టు లీగు దశలో 14 మ్యాచ్‌లు ఆడుతుంది. గెలిచిన జట్టుకు 2 పాయింట్లు, ఫలితము తేలకుండా ఆగిపోయిన మ్యాచ్‌కు రెండు జట్లకు చెరి 1 పాయింటు ఇస్తారు. 2011లో 10 జట్లు, 2012, 2013 సంవత్సరాలలో 9 జట్లు ఆడినవి. తొమ్మిది జట్లున్న ఆ రెండేళ్ళు ఒక్కొక్క జట్టు 16 మ్యాచ్‌లు ఆడవలసి వచ్చినది. 2014 నుండి 2021 వరకు తిరిగి 8 జట్లు, 2022 నుండి 10 జట్లు పాల్గొనుచున్నవి. జట్ల సంఖ్య ఎంత మారినా, ముందుకు వెళ్ళేది మొదటి నాలుగు జట్లే.

మొదటి మూడు సంవత్సరాలు (2008-2010) సెమీ ఫైనల్ పద్ధతి ఉండెడిది. అందువలన మొదటి స్థానానికీ నాలుగవ స్థానానికీ పెద్ద తేడా ఉండేది కాదు. ఒక్కసారి లోపలికి ప్రవేశిస్తే నలుగురూ సమానులే. 2011 నుండి దీనిని మార్చారు. మొదటి రెండు జట్లు తొలి క్వాలిఫయర్ ఆడతాయి. అందులో గెలిచినది నేరుగా ఫైనలుకు వెళ్తుంది, ఓడినదానికి రెండవ క్వాలిఫయర్‌లో మరొక అవకాశం ఉంటుంది. మూడు, నాలుగు స్థానాల జట్లు ఎలిమినేటర్ ఆడతాయి. ఓడినది ఇంటికే. గెలిచినది రెండవ క్వాలిఫయర్‌లో కూడా గెలిస్తేనే ఫైనలు చేరుతుంది. అనగా కప్పు గెలవడానికి మొదటి రెండు జట్లకు రెండు విజయాలు చాలును. మూడు, నాలుగు జట్లకు వరుసగా మూడు విజయాలు కావలెను. లీగులో శ్రమించి పైన నిలిచిన జట్టుకు కొంత ప్రతిఫలము ఉండాలన్న న్యాయము ఈ మార్పులో కనిపిస్తుంది.

నెట్ రన్ రేటు

పాయింట్లు, విజయాలు సమానమైనపుడు జట్లను వేరుచేసే కొలత నెట్ రన్ రేటు (నికర పరుగుల రేటు). పత్రికలలో దీనిని తరచుగా ప్రస్తావిస్తారు గాని లెక్క ఎలా వేస్తారో వివరించడం తక్కువ. పాఠకులలో విద్యార్థులు ఉంటారు గనుక ఇక్కడ కొంచెము విపులముగా చెప్పడం అవసరము.

ఒక జట్టు లీగు మొత్తంలో చేసిన పరుగులన్నిటినీ, అది ఆడిన ఓవర్లన్నిటితో భాగించాలి. వచ్చినది ఆ జట్టు ఓవరుకు చేసిన సగటు పరుగులు. అదే విధంగా ఆ జట్టు ఇచ్చిన పరుగులను, అది వేసిన ఓవర్లతో భాగించాలి. మొదటిదాని నుండి రెండవదానిని తీసివేయగా మిగిలినదే నెట్ రన్ రేటు. ఉదాహరణకు ఒక మ్యాచ్‌లో ఒక జట్టు 20 ఓవర్లలో 160 పరుగులు చేసి (ఓవరుకు 8), ప్రత్యర్థిని 20 ఓవర్లలో 140 పరుగులకు (ఓవరుకు 7) ఆపితే, ఆ ఒక్క మ్యాచ్‌కు దాని రేటు +1.000 అవుతుంది. ఓడిన జట్టుకు -1.000.

ఇక్కడ రెండు మెలికలున్నవి. మొదటిది, ఒక జట్టు 20 ఓవర్లు పూర్తికాకుండానే అందరూ అవుటైతే, ఆడిన ఓవర్లు కాక పూర్తి 20 ఓవర్లుగానే లెక్కిస్తారు. 15 ఓవర్లలో 90 పరుగులకు ఆలౌటైన జట్టుకు ఓవరుకు 6 కాదు, 4.5 మాత్రమే వస్తుంది. రెండవది, మ్యాచ్‌ల రేట్లను విడివిడిగా కట్టి వాటి సగటు తీయకూడదు. మొత్తం పరుగులను మొత్తం ఓవర్లతోనే భాగించాలి. పిల్లలు తరచుగా పొరబడేది ఇక్కడే.

14 మ్యాచ్‌లంటే దాదాపు 280 ఓవర్లు. కాబట్టి లీగు చివరలో 0.1 తేడా అంటే మొత్తము మీద సుమారు 28 పరుగుల తేడా. దశాంశ స్థానాలు చూసి చిన్నదనుకుంటాము గాని, ఒక్క మ్యాచ్‌లో 28 పరుగులు సంపాదించడం సులభము కాదు. ఏప్రిల్ నెలలో గెలుపు ఖాయమైన తరువాత నింపాదిగా ఆడి రెండు ఓవర్లు వృథా చేసిన జట్టు, మే నెల చివరలో ఆ రెండు ఓవర్ల కొరకు విచారించిన సందర్భాలున్నవి.

దక్కన్ ఛార్జర్స్ కాలము

2008లో వి.వి.ఎస్. లక్ష్మణ్ నాయకత్వంలో మొదలై, తరువాత ఆడమ్ గిల్‌క్రిస్ట్ చేతికి వచ్చిన దక్కన్ ఛార్జర్స్ 14 మ్యాచ్‌లలో 2 మాత్రమే గెలిచి చివరి స్థానములో నిలిచినది. పేరున్న ఆటగాళ్ళు ఉండి కూడా ఈ గతి పట్టడం అప్పట్లో విమర్శలకు దారితీసినది.

2009లో లోక్‌సభ ఎన్నికల కారణంగా పోటీలను దక్షిణాఫ్రికాకు తరలించారు. దక్కన్ ఛార్జర్స్ మొదటి నాలుగు మ్యాచ్‌లు వరుసగా గెలిచి ఆశ్చర్యపరచినది. తరువాత తడబడి పట్టిక మధ్యకు జారినది. మే 16న జోహాన్నెస్‌బర్గులో కోల్‌కతా నైట్ రైడర్స్‌తో జరిగిన మ్యాచ్ ఆ సంవత్సరపు కథను మలుపు తిప్పినది. మష్రఫే మొర్తజా వేసిన చివరి ఓవరులో 21 పరుగులు కావలసి ఉండగా, రోహిత్ శర్మ చెలరేగి ఆడి చివరి బంతికి జట్టును గెలిపించాడు. మరునాడే పంజాబు చేతిలో 1 పరుగు తేడాతో ఓటమి. ఇట్లు ఒకనాడు గెలుపు, మరునాడు ఓటమిగా సాగి 14 మ్యాచ్‌లలో 7 గెలిచి 7 ఓడి 14 పాయింట్లతో లీగు ముగించినది. కింగ్స్ ఎలెవన్ పంజాబు కూడా సరిగ్గా 7 గెలిచి 7 ఓడినది. మే 20న చెన్నై మీద పంజాబు గెలిచి ఉంటే 16 పాయింట్లతో లోపలికి వెళ్ళేది. 24 పరుగుల తేడాతో ఓడినది. మరునాడు దక్కన్ ఛార్జర్స్ కూడా బెంగుళూరు చేతిలో ఓడిపోయినది. మనీష్ పాండే ఐ.పి.ఎల్.లో శతకం చేసిన తొలి భారతీయునిగా పేరు పొందినది ఈ మ్యాచ్‌లోనే. అయినను దక్కన్ రేటు +0.203, పంజాబు రేటు -0.483 కావడంతో నాలుగవ స్థానము దక్కనుకే దక్కినది. మొర్తజా వేసిన ఆ ఓవరులో గెలవకపోయి ఉంటే దక్కనుకు 12 పాయింట్లే ఉండేవి. రేటు ఎంత బాగున్నా పనికివచ్చేది కాదు.

లోపలికి వచ్చిన తరువాత జరిగినది అందరికీ తెలిసినదే. మే 22న సెంచూరియన్‌లో పట్టికలో మొదటిదైన ఢిల్లీ మీద గిల్‌క్రిస్ట్ 35 బంతుల్లో 85 పరుగులు చేశాడు. మే 24న జోహాన్నెస్‌బర్గులో జరిగిన ఫైనలులో దక్కన్ 6 వికెట్లకు 143 పరుగులు చేయగా, బెంగుళూరు 9 వికెట్లకు 137 వద్ద ఆగిపోయినది. గిల్‌క్రిస్ట్ ఆనాడు పరుగులేమీ చేయకుండానే వెనుదిరిగాడు. హెర్షెల్ గిబ్స్ 53 పరుగులతో చివరివరకు నిలబడ్డాడు. బెంగుళూరు బౌలర్ అనిల్ కుంబ్లే 16 పరుగులకే 4 వికెట్లు తీసి, తన జట్టు ఓడినా మ్యాచ్‌లో ఉత్తమ ఆటగానిగా ఎంపికయ్యాడు. క్రితం సంవత్సరము చివరి స్థానములో ఉన్న జట్టు, గెలిచినన్ని ఓడిన జట్టు, విజేత అయినది. ఇది లీగు పద్ధతిలోని లోపమని కొందరు, ఆటలోని అందమని కొందరు వాదించారు. ఢిల్లీ 20 పాయింట్లు సంపాదించి ఒక్క సాయంత్రము ఆటతో బయటికి పోవడము చూచిన తరువాత మొదటి పక్షము వాదనను తోసిపుచ్చలేము.

2010లో తెలంగాణ ఉద్యమ పరిస్థితుల వలన హైదరాబాదులో మ్యాచ్‌లు జరగలేదు. నాగపూర్, కటక్, నవీ ముంబై నగరాలు దక్కన్ జట్టుకు సొంత మైదానాలైనవి. వరుసగా ఐదు ఓడి, తిరిగి వరుసగా చివరి ఐదు గెలిచి 16 పాయింట్లతో రెండవ స్థానము పొందినది. ఆ ఏడాది దీని దిగువన నాలుగు జట్లు, అనగా చెన్నై, బెంగుళూరు, ఢిల్లీ, కోల్‌కతా, 14 పాయింట్ల వద్ద సమానంగా ఆగినవి. రేటు ప్రకారము చెన్నై (+0.274), బెంగుళూరు (+0.219) లోపలికి వెళ్ళగా ఢిల్లీ (+0.021), కోల్‌కతా (-0.341) మిగిలిపోయినవి. అట్లు మూడవ స్థానములో ప్రవేశించిన చెన్నై సెమీ ఫైనలులో దక్కనును 38 పరుగులతో ఓడించి, చివరకు కప్పు కూడా గెలిచినది.

2011లో దక్కన్ ఏడవ స్థానము, 2012లో ఎనిమిదవ స్థానము పొందినది. 2012లో జట్టు తన కొరకు ఏమీ సాధించలేదు గాని ఇతరుల తలరాత మార్చినది. మే 20న ఉప్పల్‌లోని రాజీవ్ గాంధీ అంతర్జాతీయ మైదానములో బెంగుళూరుతో చివరి లీగు మ్యాచ్. బెంగుళూరు గెలిస్తే లోపలికి, ఓడితే చెన్నై లోపలికి. దక్కన్ 8 వికెట్లకు 132 పరుగులే చేసినది. అయితే డేల్ స్టెయిన్ 4 ఓవర్లలో 8 పరుగులిచ్చి 3 వికెట్లు తీశాడు. బెంగుళూరు 123 వద్ద ఆగినది. చెన్నై, బెంగుళూరు రెండూ 17 పాయింట్ల వద్ద ఉండగా రేటు వలన (+0.100, -0.022) చెన్నై నాలుగవ స్థానముతో ప్రవేశించి ఫైనలు వరకు వెళ్ళినది. పట్టిక అడుగున ఉన్న జట్టు తనకు ప్రయోజనము లేని మ్యాచ్‌ను కూడా మనసు పెట్టి ఆడుతున్నదా లేదా అన్నదాని మీదనే లీగు పద్ధతి నిజాయితీ ఆధారపడి ఉంటుంది. దానికి ఈ మ్యాచ్ మంచి ఉదాహరణ. దక్కన్ ఛార్జర్స్ ఆడిన చివరి మ్యాచ్ కూడా ఇదే. అదే సంవత్సరము సెప్టెంబరులో భారత క్రికెట్ నియంత్రణ మండలి ఆ జట్టు ఒప్పందమును రద్దు చేసినది. అక్టోబరులో సన్ టీవీ సంస్థ హైదరాబాదు జట్టును ఏడాదికి 85.05 కోట్ల రూపాయల చొప్పున పొందినది.

సన్‌రైజర్స్ హైదరాబాద్ కాలము

2013లో కొత్త జట్టు తొలి ఏడాదిలోనే చివరి రోజు పోటీలో చిక్కుకున్నది. మే 18న బెంగుళూరు 8 ఓవర్లకు కుదించిన మ్యాచ్‌లో చెన్నైని ఓడించి 18 పాయింట్లకు చేరినది. సన్‌రైజర్స్ వద్ద కూడా 18 పాయింట్లే ఉన్నవి, రేటు మాత్రము బెంగుళూరు కంటే బాగా తక్కువ. కనుక మే 19న సొంత మైదానములో కోల్‌కతా మీద గెలవక తప్పదు. 5 వికెట్లతో గెలిచి 20 పాయింట్లతో నాలుగవ స్థానము పొందినది. ఎలిమినేటర్‌లో రాజస్థాన్ చేతిలో ఓడిపోయినది.

2014లో 12 పాయింట్లతో ఆరవ స్థానము. 2015లో జరిగినది హైదరాబాదు అభిమానులకు చేదు జ్ఞాపకము. మే 15న వానతో కుదించిన మ్యాచ్‌లో బెంగుళూరు 6 ఓవర్ల లక్ష్యమును ఒక బంతి మిగిలి ఉండగా ఛేదించినది. ఇక మే 17న ఉప్పల్‌లో ముంబై ఇండియన్స్‌తో చివరి లీగు మ్యాచ్. రెండు జట్లకూ 14 పాయింట్లే. గెలిచినది లోపలికి, ఓడినది బయటికి. రేటు లెక్కలతో పనిలేని అరుదైన సందర్భమిది. సన్‌రైజర్స్ 113 పరుగులకు ఆలౌటైనది; ముంబై ఒక్క వికెట్టే కోల్పోయి 13.5 ఓవర్లలో ముగించినది. అట్లు చివరి రోజున ప్రవేశించిన ముంబై ఆ ఏడాది విజేత అయినది.

2016లో సన్‌రైజర్స్ 16 పాయింట్లతో మూడవ స్థానములో నిలిచినది. బెంగుళూరు, కోల్‌కతాలకు కూడా 16 పాయింట్లే. ఎలిమినేటర్‌లో కోల్‌కతా మీద 22 పరుగులతో, రెండవ క్వాలిఫయర్‌లో గుజరాత్ లయన్స్ మీద 4 వికెట్లతో గెలిచినది. రెండవ దానిలో నాయకుడు డేవిడ్ వార్నర్ 93 పరుగులతో అజేయముగా నిలిచాడు. మే 29న బెంగుళూరు నగరములోనే జరిగిన ఫైనలులో 7 వికెట్లకు 208 పరుగులు చేసి, ప్రత్యర్థిని 200 వద్ద ఆపి 8 పరుగులతో గెలిచినది. ఎలిమినేటర్ మార్గమున వచ్చి కప్పు గెలిచిన మొదటి జట్టు ఇదే. 2017లో మూడవ స్థానము, 2018లో మొదటి స్థానము వచ్చినవి గాని కప్పు రాలేదు.

2019 సంవత్సరము లెక్కల సంవత్సరము. సన్‌రైజర్స్ 6 గెలిచి 8 ఓడినది. గెలిచిన వాటికంటే ఓడినవే ఎక్కువ. మే 4న బెంగుళూరు చేతిలో చివరి మ్యాచ్ ఓడి, మరునాటి ఫలితము కొరకు ఎదురుచూడవలసి వచ్చినది. కోల్‌కతా మే 5న ముంబైలో గెలిస్తే 14 పాయింట్లతో అదే వెళ్ళేది. 9 వికెట్లతో ఓడినది. హైదరాబాదు, కోల్‌కతా, పంజాబు మూడు జట్లు 12 పాయింట్ల వద్ద ఆగగా, రేటు +0.577 ఉన్న హైదరాబాదు నాలుగవ స్థానము పొందినది. కోల్‌కతా రేటు +0.028, పంజాబు రేటు -0.251. 12 పాయింట్లతో ప్లేఆఫ్ చేరిన మొదటి జట్టుగా ఇది నమోదైనది. ఆ రేటు ఎక్కడినుండి వచ్చినదని వెతికితే మార్చి 31 నాటి మ్యాచ్ కనిపిస్తుంది. ఆనాడు 2 వికెట్లకు 231 చేసి బెంగుళూరును 113కే ఆలౌట్ చేసినది. 118 పరుగుల ఆ తేడాను 280 ఓవర్లకు పంచితే సుమారు 0.42 వస్తుంది. నెలకు పైగా ముందు జరిగిన ఒక్క విజయము రేటులో అత్యధిక భాగమును సమకూర్చినదన్నమాట. మే 8న విశాఖపట్నములో జరిగిన ఎలిమినేటర్‌లో ఢిల్లీ చేతిలో 2 వికెట్లతో ఓడిపోయినది.

2020లో కరోనా వ్యాధి కారణముగా పోటీలు యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో జరిగినవి. అక్టోబరు 24న పంజాబు మీద 127 పరుగుల లక్ష్యమును కూడా అందుకోలేక 12 పరుగులతో ఓడిన తరువాత, 11 మ్యాచ్‌లలో 4 విజయాలతో జట్టు పని అయిపోయినదనుకున్నారు. మిగిలిన మూడూ గెలిచి తీరవలెను, అదియును పట్టికలో పైనున్న ఢిల్లీ, బెంగుళూరు, ముంబైల మీద. ఢిల్లీ మీద 88 పరుగులతో, బెంగుళూరు మీద 5 వికెట్లతో గెలిచినది. నవంబరు 3న షార్జాలో ముంబై చేసిన 149 పరుగులను వార్నర్ (85), వృద్ధిమాన్ సాహా (58) ఒక్క వికెట్టు కూడా పడకుండా 17.1 ఓవర్లలో దాటించారు. మూడు జట్లు 14 పాయింట్ల వద్ద సమానము కాగా +0.608 రేటుతో సన్‌రైజర్స్ మూడవ స్థానమునకు చేరి, కోల్‌కతా బయటికి పోయినది. ఎలిమినేటర్‌లో బెంగుళూరును ఓడించి, రెండవ క్వాలిఫయర్‌లో ఢిల్లీ చేతిలో 17 పరుగులతో ఓడినది. కప్పు రాకపోయినను, హైదరాబాదు జట్ల పోరాటములలో దీనికే మొదటి పీట వేయవచ్చును.

2021లో చివరి స్థానము. 2022లో వరుసగా ఐదు గెలిచి, వెంటనే వరుసగా ఐదు ఓడి ఎనిమిదవ స్థానము. 2023లో మళ్ళీ చివరి స్థానము. 2024లో 17 పాయింట్లతో రెండవ స్థానము పొంది ఫైనలులో కోల్‌కతా చేతిలో ఓడినది. 2025లో మొదటి మ్యాచ్‌లోనే 286 పరుగులు చేసిన జట్టు, ఆ తరువాత వరుస ఓటములతో వెనుకబడినది. మే 5న ఉప్పల్‌లో ఢిల్లీని 7 వికెట్లకు 133 పరుగులకు ఆపిన తరువాత వాన వచ్చినది. సన్‌రైజర్స్ ఒక్క బంతి కూడా ఆడకుండానే మ్యాచ్ రద్దయి, దానితోనే ప్లేఆఫ్ అవకాశము కూడా ముగిసినది. చివరకు 13 పాయింట్లతో ఆరవ స్థానము.

ముంబై - రాజస్థాన్ మ్యాచ్ (2014), అంబటి రాయుడు

హైదరాబాదు జట్లకు సంబంధము లేకపోయినను, ఈ అంశములో ఒక మ్యాచ్‌ను విడువరాదు. అందులో గుంటూరులో జన్మించిన అంబటి రాయుడు పాత్ర ఉన్నది. 2014 మే 25న ముంబై వాంఖడే మైదానములో రాజస్థాన్ రాయల్స్ 4 వికెట్లకు 189 పరుగులు చేసినది. ముంబై ఇండియన్స్ కేవలము గెలిస్తే చాలదు. రేటులో రాజస్థానును దాటవలెనంటే 190 పరుగులను 14.3 ఓవర్లలో చేయవలెను. కోరీ ఆండర్సన్ 44 బంతుల్లో 95 పరుగులతో ఒకవైపు నిలువగా, రాయుడు 10 బంతుల్లో 30 పరుగులు చేశాడు. 14.3వ బంతికి గెలుపు పరుగు కొరకు పరుగెత్తి రాయుడు రనౌట్ అయ్యాడు. పరుగులు 189 వద్ద సమానమైనవి. అంతా అయిపోయినదని కొందరు ఆటగాళ్ళే అనుకున్నారు. అయితే తరువాతి బంతిని నేరుగా బౌండరీకి పంపితే మొత్తము 190 దాటి ఇంకా పైకి పోతుంది గనుక రేటు ఇంకను అందుతుందని లెక్క తేలినది. ఆదిత్య తారే జేమ్స్ ఫాక్నర్ బంతిని సిక్సర్ కొట్టగా 14.4 ఓవర్లలో 195 అయినది. రెండు జట్లకూ 14 పాయింట్లే. ముంబై రేటు +0.095, రాజస్థాన్ రేటు +0.060.

రాయుడు ఐ.పి.ఎల్.లో ముంబై, చెన్నై జట్లకు ఆడి ఆరు కప్పులు గెలిచిన జట్లలో సభ్యుడు. హైదరాబాదు ఐ.పి.ఎల్. జట్లకు ఎన్నడూ ఆడలేదు.

కబడ్డీలో తెలుగు టైటాన్స్

2014లో మొదలైన ప్రొ కబడ్డీ లీగులో తెలుగు టైటాన్స్ జట్టు కూడా ఇటువంటి అనుభవములే చవిచూచినది. రాహుల్ చౌదరి ఆడిన తొలి సంవత్సరాలలో 2015లోను, 2016లోను సెమీ ఫైనలు చేరినది. ఆ తరువాత క్షీణించి ఎనిమిది, తొమ్మిది, పది సీజన్లలో వరుసగా అట్టడుగున నిలిచినది. ఎనిమిదవ సీజనులో 22 మ్యాచ్‌లకు ఒక్కటే విజయము. పదవ సీజనుకు పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేల రూపాయలకు కొన్నా ఫలితము మారలేదు. 2024లో 12 మ్యాచ్‌లు గెలిచి 66 పాయింట్లతో ఏడవ స్థానములో నిలిచినది. ఆనాటి నియమము ప్రకారము ఆరు జట్లకే ప్రవేశము కనుక ఒక్క మెట్టు దిగువన ఆగిపోయినది. 2025లో పైమెట్లకు చేరి, రెండవ క్వాలిఫయర్ వరకు వెళ్ళి పుణేరి పల్టన్ చేతిలో ఓడినది.

కబడ్డీలో 2024 వరకు ఉన్న ఒక నియమము గమనింపదగినది. 7 లేక అంతకంటే తక్కువ తేడాతో ఓడిన జట్టుకు కూడా 1 పాయింటు ఇచ్చేవారు. గెలుపు లేకపోయినా చివరి నిమిషము వరకు పోరాడటానికి అది కారణమయ్యేది. 2025లో పాయింట్ల పద్ధతిని సరళము చేసి గెలుపుకు 2 పాయింట్లుగా మార్చారు.

ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌తో పోలిక

ఇటువంటి పోటీకి ప్రపంచములో పేరొందిన మరొక వేదిక ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్ లీగ్. ఈ ఆటకు నియమములను 1859లో మెల్‌బోర్న్ నగరములో వ్రాసుకున్నారు. క్రికెట్ మైదానముల వంటి కోడిగ్రుడ్డు ఆకారపు మైదానములో జట్టుకు 18 మంది చొప్పున ఆడతారు. నడిమి రెండు స్తంభాల మధ్య బంతిని తన్నితే 6 పాయింట్లు, పక్క స్తంభాల మధ్యకు పోతే 1 పాయింటు. లీగులో గెలుపుకు 4, సమానమైతే 2 పాయింట్లు. చాలా సంవత్సరాలుగా మొదటి 8 జట్లు ఫైనల్స్ దశకు వెళ్ళుచుండగా, 2026 నుండి పది జట్లకు అవకాశము కలిగేలా ఒక అదనపు రౌండును చేర్చాలని 2025లో నిర్ణయించారు.

సమానమైన జట్లను వేరుచేయుటకు అక్కడ తీసివేత కాక నిష్పత్తిని వాడతారు. చేసిన పాయింట్లను ఇచ్చిన పాయింట్లతో భాగించి 100తో హెచ్చిస్తారు. 2017లో వెస్ట్ కోస్ట్ జట్టు 105.7 శాతముతో ఎనిమిదవ స్థానము పొందగా, అన్నే విజయాలున్న మెల్‌బోర్న్ 105.2 శాతముతో తొమ్మిదవదై బయట మిగిలినది. 2022లో కార్ల్‌టన్ చివరి మ్యాచ్‌లో కాలింగ్‌వుడ్ చేతిలో 1 పాయింటు తేడాతో ఓడి, అదే విధముగా స్వల్ప శాతము తేడాతో వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు స్థానము వదలుకున్నది. అంతకు మునుపు 2016లో ఈ బుల్‌డాగ్స్ జట్టే ఏడవ స్థానమునుండి వచ్చి కప్పు గెలిచినది. 1954 తరువాత వారికి అదే మొదటి కప్పు. అదే సంవత్సరములో ఇక్కడ సన్‌రైజర్స్ మూడవ స్థానమునుండి గెలవడము యాదృచ్ఛికమే.

పల్నాడులో

నరసరావుపేట, మాచర్ల, గురజాల ప్రాంతములలో ఐ.పి.ఎల్. కాలము మిర్చి కల్లాలతో మొదలై వేసవి సెలవులతో ముగుస్తుంది. 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడిన సమయమున కూడా ఆ ఏటి పోటీలు జరుగుచుండెను. రాష్ట్ర విభజన తరువాత కూడా ఆంధ్ర ప్రాంతమునకు వేరుగా ఐ.పి.ఎల్. జట్టు రాలేదు గనుక, ఇక్కడి వారిలో చాలామంది హైదరాబాదు జట్టునే తమదిగా భావించుట కద్దు. తరగతి గదిలో దశాంశ భిన్నములను తప్పించుకొనే బాలురు సన్‌రైజర్స్ ఎన్ని ఓవర్లలో ముగించాలో నోటితో కట్టి చెప్పడము ఉపాధ్యాయులకు పరిచయమైన వింతే.

ఈ లెక్కలకు మరొక ముఖము ఉన్నది. చివరి వారములో ఫలితము అనిశ్చితముగా ఉన్నకొలదీ పందెములు పెరుగుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 1974 నాటి గేమింగ్ చట్టము జూదమును నిషేధించగా, 2020లో చేసిన సవరణ ఆన్‌లైన్ పందెములను కూడా దాని పరిధిలోనికి తెచ్చినది. 2025లో కేంద్ర ప్రభుత్వము కూడా డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించుచు చట్టము చేసినది. అయినను చదువుకొనే యువకులు చేతి ఫోనులలో అప్పులపాలగుట ఆగలేదు. నెట్ రన్ రేటును ఎంత చక్కగా కట్టగలిగినా, మే 5న ఉప్పల్‌లో వాన పడుతుందని ఏ లెక్కా ముందుగా చెప్పలేకపోయినది. పల్నాటి వీరగాథలో మాచర్ల పక్షము ఒక్క కోడిపందెములో ఓడి ఏడేళ్ళు రాజ్యము విడిచి వెళ్ళవలసి వచ్చినదని ఈ ప్రాంతపు పిల్లలందరూ వింటూనే పెరుగుతారు.